హవాయి ఎర్రాకు మొక్క మన బోరు నీళ్లకు ఎందుకు మాడుతుంది, ఎలా పెంచుకోవాలి

చెల్లెమ్మా, మీరు రాసింది ఇదీ. అమెరికాలో ఉన్న మీ అబ్బాయి హవాయి దీవులకు వెళ్లి, అక్కడ ఇంటింటి ముందూ ఉన్న ఎర్రాకు పొదల ఫోటోలు పంపాడు. అలాంటి మొక్కే మునుగోడుకు వచ్చిన నర్సరీ బండిలో కనిపిస్తే నాలుగు కుండీలు కొన్నారు. మూడు నెలలు బాగానే ఉన్నాయి. తర్వాత ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి, అంచుల వెంట కిందికి మాడుతూ వస్తున్నాయి. నీళ్లు చాలడం లేదేమోనని రెండు పూటలా పోశారు. బలం లేదేమోనని డీఏపీ వేశారు, వడకట్టిన టీ పొడి వేశారు. ఊరికే పారబోయడం ఎందుకని ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు పట్టి అవి కూడా పోస్తున్నారు. అయినా మాడుతూనే ఉంది. దీన్ని గేటు పక్కన వరుసగా కంచెలా పెట్టాలన్న ఆశ తీరుతుందా అని అడిగారు.

పెంచుకోవచ్చు. కానీ గేటు పక్కన ఎండలో, బోరు నీళ్లతో మాత్రం కుదరదు. మీ వర్ణనను బట్టి, పంపిన ఫోటోను బట్టి చూస్తే ఇది ఎరువు లోపం కాదు, తెగులు కాదు. మన నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్. మొక్క మీద ప్రేమతో మీరు చేసిన నాలుగు పనులూ, ఎక్కువ నీళ్లు పోయడంతో సహా, ఆ ఫ్లోరైడ్‌ను కుండీలో ఇంకా పెంచేవే.

ముందు మొక్క సంగతి చూద్దాం. నర్సరీ వాళ్లు దీన్ని డ్రసీనా అనో, మహాత్మ అనో అమ్ముతారు. అసలు పేరు కార్డిలైన్ ఫ్రూటికోసా. పాత పుస్తకాల్లో కార్డిలైన్ టెర్మినాలిస్ అని ఉంటుంది. డ్రసీనాకు దగ్గరి చుట్టమే కానీ వేరే మొక్క. అనుమానం ఉంటే కుండీ మార్చేటప్పుడు వేరు చూడండి. కార్డిలైన్ వేరు తెల్లగా ఉంటుంది, డ్రసీనా వేరు పసుపు, నారింజ రంగులో ఉంటుంది. కార్డిలైన్ ఆకుకు స్పష్టంగా కాడ ఉంటుంది. డ్రసీనా ఆకు చాలా రకాల్లో కాడ లేకుండా నేరుగా కాండాన్ని చుట్టుకొని మొలుస్తుంది. మీది కార్డిలైనే. అయినా ఈ విషయంలో రెండింటి బాధా ఒకటే, ఫ్లోరైడ్ రెండింటికీ పడదు.

దీని పుట్టుక ఆగ్నేయాసియా, న్యూగినీ వైపు. అక్కడి నుంచి పసిఫిక్ దీవుల జనం పడవల్లో వలస వెళ్తూ, చేమదుంప, అరటి పిలకలతో పాటు దీని కాండం ముక్కల్నీ వెంట తీసుకుపోయారు. యూరప్ వాళ్ల ఓడలు రాకముందే అది హవాయి దాకా చేరింది. అక్కడ దీన్ని ‘కీ’ అంటారు. ఆకుల్లో మాంసం, చేపలు చుట్టి ఉడికిస్తారు. ఇంటి మూలల్లో నాటితే చెడు దగ్గరికి రాదని నమ్మకం, మనం గుమ్మానికి వేపమండ కట్టినట్టు. దుంపలాంటి లావుపాటి వేరును మట్టిపొయ్యిలో గంటల తరబడి కాలిస్తే తియ్యగా అవుతుంది, కరువు రోజుల్లో అదే తిండి. తర్వాతి కాలంలో ఆ వేరు నుంచే ఓకొలెహావో అనే సారా కూడా కాచారు. హవాయిలోని పాత ఆకుపచ్చ రకానికి మొలిచే గింజ పట్టదు. అక్కడి లోయల్లో కనిపించే ఆ రకం పొదలన్నీ మనుషులు ముక్కలు నాటితే వచ్చినవే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అది ఎక్కడ హాయిగా పెరుగుతుందో తెలిస్తే మన దగ్గర ఏం కరువైందో తెలుస్తుంది. లోయల్లో, పెద్ద చెట్ల కింద, నీళ్లు నిలవని అగ్నిపర్వతపు మట్టిలో పెరుగుతుంది. హవాయిలో హిలో అనే ఊళ్లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. నల్లగొండ, పాలమూరుల్లో పడేది 700 అటూ ఇటూ, అదీ నాలుగు నెలల్లో. అక్కడ మొక్క వేరుకు అందేది దాదాపు అంతా వాననీరే. ఎండ 30 డిగ్రీలు దాటి పెద్దగా పోదు, గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. అయినా నా అనుభవంలో ఈ మొక్క వేడిని కొంత ఓర్చుకుంటుంది, పొడిగాలినీ నీడ చూపిస్తే తట్టుకుంటుంది. ఓర్చుకోలేనిది నీళ్లే.

ఫ్లోరైడ్ అంటే మన వైపు అందరికీ తెలుసు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి పేర్లు దేశమంతా వినపడింది దాని వల్లే. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా భూగర్భజలంలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి కింద కూర్చోబెడుతుంది. మన బోర్లలో చాలా చోట్ల సోడియం, బైకార్బనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే ఫ్లోరైడ్ నీళ్లలోనే తిరుగుతూ ఉంటుంది. మనుషులు తాగే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. కార్డిలైన్‌కు ఆ లెక్క సరిపోదు. సున్నితమైన రకాలకు పావు మిల్లీగ్రాము దగ్గరే చేటు మొదలవుతుంది. అంటే ‘మా బోరు నీళ్లు టెస్టు చేయించాం, తాగడానికి పనికొస్తాయన్నారు’ అనే మాట ఈ మొక్క విషయంలో చెల్లదు.

మాడేది కొసే ఎందుకంటే, వేరు తాగిన నీళ్లు ఆకులోకి ఎక్కి, ఆవిరై పోతాయి. ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీటితో పాటు ఆకు చివరి దాకా ప్రయాణం చేసి అక్కడే పోగవుతుంది, వెనక్కి రాదు. అక్కడి కణాలు ముందు చచ్చిపోతాయి. ఎండ, వడగాలి ఎక్కువైతే ఆకు ఎక్కువ నీళ్లు లాగుతుంది, దాంతో ఫ్లోరైడూ ఎక్కువ లాగుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మాడటం ఎక్కువై, అందరూ నెపం ఎండ మీదికి నెడతారు.

ఎండ దెబ్బకూ దీనికీ తేడా సులభంగా పట్టవచ్చు. ఎండ దెబ్బ ఆకు మధ్యలో, సూర్యుడి వైపు తిరిగిన భాగంలో, తెల్లబారిన కాగితంలా పడుతుంది. రెండు మూడు రోజుల్లోనే కనిపిస్తుంది. ఫ్లోరైడ్ మాడు కొసన మొదలై, వారాల తరబడి అంచు పట్టుకొని కిందికి దిగుతుంది. చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య గీత గీసినట్టు ఉంటుంది. నీళ్లు చాలకపోతే ఆకు ముందు వాలుతుంది, చుట్టుకుంటుంది, పోస్తే లేస్తుంది. ఉప్పు ఎక్కువైనా కొస మాడుతుంది, కానీ అప్పుడు కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. మన దగ్గర ఈ రెండూ కలిసే రావడం మామూలే. ఇంకో గుర్తు చెబుతాను. మీ ఇంట్లో స్పైడర్ ప్లాంట్ ఉందా? అదే నీళ్లు తాగే స్పైడర్ ప్లాంట్ కొసలు కూడా గోధుమ రంగులో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. అదీ ఫ్లోరైడ్‌కు వెంటనే లొంగే మొక్కే.

ఇప్పుడు మీరు చేసిన పనులు ఒక్కొక్కటీ చూద్దాం. కోప్పడటం లేదు, మన జిల్లాలో మొక్కలు పెంచే వాళ్లలో చాలామంది చేసేవే ఇవి.

ఆర్‌ఓ మిషన్ వృథా నీళ్లు అన్నిటికంటే చెడ్డవి. లెక్క వేసి చూడండి. మీ బోరు నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. మూడు లీటర్లు మిషన్‌లోకి పోతే మొత్తం 6 మిల్లీగ్రాములు. ఒక లీటరు మంచినీళ్లుగా బయటికి వస్తుంది, అందులో ఫ్లోరైడ్ పెద్దగా ఉండదు. మిగిలిన రెండు లీటర్లలోనే ఆ 6 మిల్లీగ్రాములూ సర్దుకోవాలి. అంటే లీటరుకు 3. మీరు బోరు నీళ్ల కంటే ఒకటిన్నర రెట్లు గాఢమైన నీళ్లు పోస్తున్నారు. ఆ నీళ్లు బాత్రూమ్ కడగడానికి, వాకిలి చల్లడానికి వాడండి. తొట్టి మొక్కలకు వద్దు, కార్డిలైన్‌కు అసలే వద్దు.

టీ పొడి సంగతి చాలామందికి తెలియదు. తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకునే రకం. ముదురు ఆకులో ఇంకా ఎక్కువ. కాచి వడకట్టిన తర్వాత కూడా కొంత పిప్పిలో మిగులుతుంది. గులాబీకి టీ పొడి వేసినా పెద్దగా నష్టం లేదు. దీనికి వేయొద్దు.

డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటివి రాతి భాస్వరం నుంచి తయారవుతాయి. ఆ రాయిలో 3, 4 శాతం దాకా ఫ్లోరిన్ ఉంటుంది, అందులో కొంత ఎరువులోకి వస్తుంది. సూపర్ ఫాస్ఫేట్ అయితే అలంకరణ ఆకు మొక్కలు పెంచే వాళ్లు ప్రపంచమంతా దూరం పెట్టే ఎరువు. ఎముకల పొడికీ ఇదే మాట. నర్సరీల్లో ఇచ్చే తెల్లటి పెర్లైట్ గుళికల్లో కూడా కొంత ఫ్లోరైడ్ ఉంటుంది. కుండీ మట్టి కలిపేటప్పుడు దాని జోలికి పోకండి.

మరి ఏ నీళ్లు? మొదటి మాట వాన నీళ్లు. వంద చదరపు అడుగుల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 90 లీటర్లు దాటుతాయి. మెట్ల గది పైకప్పు ఒక్కటి చాలు, రెండు మంచి వానలకు 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది. తొలకరి వాన దుమ్మును కడిగి పోనివ్వండి, తర్వాతి వాన పట్టండి. డ్రమ్ముకు మూతా, మూతి మీద గుడ్డా గట్టిగా కట్టాలి, లేకపోతే దోమలు పెరిగి డెంగీ టెన్షన్ మొదలవుతుంది. నాలుగు కుండీలకు, ఎండాకాలం తప్ప, రోజు విడిచి రోజు కుండీకి లీటరు లోపే సరిపోతుంది. ఆ లెక్కన రెండు డ్రమ్ములు ఉంటే వానాకాలం తర్వాత కూడా కొన్ని నెలలు లాగవచ్చు.

రెండోది మిషన్ భగీరథ నల్లా. మన వైపు అది కృష్ణా నీరు, బోరు నీరు కాదు. ఫ్లోరైడ్ బోరుతో పోలిస్తే చాలా తక్కువ. క్లోరిన్ వాసన వస్తుంటే బకెట్లో పట్టి ఒక రాత్రి మూత లేకుండా ఉంచండి. అయితే కొన్ని ఇళ్లలో ఒకే ట్యాంకులోకి నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలిపి ఎక్కిస్తారు. అప్పుడు నల్లా పేరే మిగులుతుంది. మొక్క కోసం నల్లా దగ్గరే విడిగా పట్టుకోండి.

మూడోది ఏసీ నుంచి కారే నీళ్లు. గాలిలోని తేమ చల్లబడి కారేది కాబట్టి అందులో ఉప్పూ ఉండదు, ఫ్లోరైడూ ఉండదు. సరిగ్గా మొక్కకు కష్టకాలమైన ఏప్రిల్, మే నెలల్లోనే దొరుకుతాయి. మీ ఇంట్లో లేకపోతే మీ వీధిలో ఏసీ ఉన్న వాళ్ల గోడ కింద బకెట్ పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఇవేవీ లేని రోజు ఆర్‌ఓ మంచినీళ్లు ఒక చెంబుడు పోసినా తప్పులేదు.

నీళ్లు కాచి చల్లార్చి పోస్తామని కొందరంటారు. కాస్తే నీళ్లు తగ్గుతాయి కానీ ఫ్లోరైడ్ తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది. బకెట్లో పటిక తిప్పమని కూడా సలహా వినబడుతుంది. అది నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన, మన జిల్లా పేరే పెట్టుకున్న ‘నల్లగొండ టెక్నిక్’ నుంచి వచ్చిన మాట. అందులో పటిక, సున్నం లెక్క ప్రకారం కలిపి, తేర్చి, వడకడతారు. ఫ్లోరైడ్‌ను మనుషులు తాగే హద్దులోకి దించడానికి పెట్టిన పద్ధతి అది. ఈ మొక్కకు కావలసిన హద్దు అంతకంటే ఎంతో కింద ఉంది. పైగా కొలత లేకుండా ఇంట్లో పటిక తిప్పితే వేరే చిక్కులు వస్తాయి. ఇంకొకటి, టీడీఎస్ మీటర్ పెట్టి ‘మా నీళ్లు 300 చూపించాయి, బాగున్నాయి’ అనుకోవద్దు. ఆ మీటర్ మొత్తం లవణాల అంచనా చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. కావాలంటే జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్ష అడిగి చేయించండి. మీరు తాగే నీళ్ల కోసమైనా ఆ పని చేయించాల్సిందే.

నీళ్లు మార్చినా కుండీ మట్టిలో ఇప్పటికే పోగైనది ఉంటుంది. ఇప్పుడు వానాకాలం కాబట్టి మట్టి మార్చేయడం మేలు. మొక్క బయటికి తీసి, వేళ్లకు అంటిన మట్టిని వాన నీళ్లలో మెల్లగా కడిగేయండి. గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కైతే లోపల జిగురు మట్టి ముద్ద ఒకటి ఉంటుంది. అది అలాగే వదిలేస్తే మధ్యలో నీళ్లు పట్టి వేరు కుళ్లుతుంది, లేదా ఎండిపోయి గట్టి ఉండలా తయారవుతుంది. ఓపికగా విడదీయండి.

కొత్త మట్టికి నేను వాడేది రెండు పాళ్లు చెలక ఎర్రమట్టి, రెండు పాళ్లు బాగా చివికిన ఆకు ఎరువు లేదా ఏడాది దాటిన పశువుల ఎరువు, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు, ఒక పాలు మాగిన ఊక. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి. ఊక మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర కావలసినంత దొరుకుతుంది. కొత్త ఊక కాకుండా కుప్పలో తడిసి నల్లబడినది తెచ్చుకోండి. ఊక బూడిద మాత్రం వేయకండి, దానికి క్షారగుణం ఎక్కువ. నారాయణపేట వైపు నల్లరేగడి ఉన్న వాళ్లు ఆ మట్టిని ఈ మొక్కకు పూర్తిగా మానేయండి, నీళ్లు వదలదు. కుండీ కింద రంధ్రం పెద్దదిగా ఉండాలి, కింద పళ్లెం పెట్టి నీళ్లు నిలపొద్దు.

మట్టి ఉదజని సూచిక, అదే పీహెచ్, 6 నుంచి 6.5 మధ్య ఉంటే మొక్క సుఖంగా ఉంటుంది. అంతకంటే పుల్లగా మారితే ఫ్లోరైడ్ కరిగి వేరుకు ఎక్కువ అందుతుంది. 7.5, 8 దాటితే ఇనుము అందదు, లేత ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతుంది. బత్తాయి తోట ఉన్న వాళ్లకు ఈ పాలిపోవడం కొత్తేమీ కాదు. ఎర్రాకులో ఇది తొందరగా కనపడదు, రంగు వెలిసినట్టు మాత్రమే ఉంటుంది. లేత ఆకును వెలుతురుకు ఎదురు పెట్టి చూడాలి. వాన నీళ్లకు మారితే చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. ఆగలేకపోతే లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పల్చగా చల్లండి. పది, పన్నెండు రోజులకు మరోసారి చల్లితే చాలు.

ఎరువు విషయంలో దీనికి పెద్ద ఆకలి లేదు. వానాకాలంలో నెలకు ఒకసారి కుండీకి గుప్పెడు వర్మీ కంపోస్టు, రెండు నెలలకోసారి చెంచాడు వేపపిండి. కొనే ఎరువే వాడాలనుకుంటే నత్రజని మూడు, భాస్వరం ఒకటి, పొటాష్ రెండు పాళ్లు ఉండే ఆకు మొక్కల ఎరువు తీసుకోండి, రాసిన మోతాదులో సగం వేయండి. కాల్షియం నైట్రేట్ లీటరుకు 1 గ్రాము చొప్పున అప్పుడప్పుడూ పోస్తే రెండు లాభాలు. నత్రజని అందుతుంది, కాల్షియం కొంత ఫ్లోరైడ్‌ను మట్టిలోనే కట్టేస్తుంది. జిప్సం కూడా కాల్షియమే కదా అంటారు. ఎరువుల దుకాణాల్లో దొరికేది తరచుగా ఫాస్ఫేట్ ఫ్యాక్టరీల ఉప ఉత్పత్తి, దాంట్లోనే ఫ్లోరైడ్ ఉంటుంది. అది పొలానికి సరే, ఈ కుండీకి వద్దు. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఏ ఎరువూ వేయకండి.

ఇక చోటు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలితే ఎరుపు బాగా కడుతుంది. చలికి రంగు ఇంకా ముదురుతుంది. పాలమూరు వైపు చలి రాత్రులు దీనికి కాస్త ఇబ్బందే కానీ ప్రాణం తీయవు, 10 డిగ్రీల లోపు పడితేనే ఆకు దెబ్బతింటుంది. మార్చి రాగానే ఇంటికి తూర్పు వైపో ఉత్తరం వైపో, లేదా వేప, మామిడి చెట్టు నీడకో మార్చాలి. చెట్టు లేకపోతే 50 శాతం గ్రీన్ షేడ్‌నెట్. పడమటి వడగాలి నేరుగా తగలకూడదు, దానికి అడ్డంగా గోడో అరటి పిలకలో ఉంటే చాలు. కుండీలన్నీ ఒకచోట దగ్గరగా చేర్చితే వాటి మధ్య తేమ నిలుస్తుంది. మట్టి మీద పల్లికాయ పొట్టు రెండు అంగుళాలు పరచండి. అచ్చంపేట, వనపర్తి వైపు అది కావలసినంత దొరుకుతుంది, మన దగ్గర కొబ్బరి పీచు పరచినా సరే. మే నెల మధ్యాహ్నం పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి, అవి నేరుగా వేరు మీద పట్టొద్దు. పొద్దున్నే పోయండి, మరీ వేడిగా ఉన్న రోజుల్లో సాయంత్రం ఇంకొంచెం.

పురుగుల్లో ముఖ్యమైనవి రెండు. ఆకు కాడ మొదట్లో దూదిలా పిండినల్లి చేరుతుంది. పొడి ఎండాకాలంలో ఆకు కింద ఎర్రనల్లి పట్టి ఆకు మసకబారుతుంది. రెండింటికీ ముందు గట్టిగా నీళ్లు కొట్టి కడగడం, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం చల్లడం చాలు. కాండం మెత్తబడి దుర్వాసన వస్తే అది బ్యాక్టీరియా కుళ్లు, మందుతో కుదరదు. గట్టిగా ఉన్న పైభాగం కోసి వేరే నాటుకొని, మిగతాది మట్టితో సహా పారేయాలి.

మాడిన కొస మళ్లీ పచ్చబడదు. చూడటానికి బాగాలేదనుకుంటే కత్తెరతో ఆకు ఆకారంలోనే కత్తిరించండి, గోధుమ రంగు సన్నగీత ఒకటి వదిలి. పచ్చటి భాగంలోకి కోస్తే కొత్త అంచు మళ్లీ ఎండుతుంది. నీళ్లు మార్చాక మీరు చూడాల్సింది పాత ఆకులను కాదు, నడి మొవ్వలో నుంచి విచ్చుకునే కొత్త ఆకులను. వాటి కొసలు శుభ్రంగా ఉంటే మీ దారి సరైనదే.

కంచె సంగతికి వస్తాను. ఒక మొక్క నుంచి పది చేసుకోవచ్చు, మళ్లీ కొనక్కర్లేదు. మృగశిర కార్తె నుంచి శ్రావణం దాకా మంచి అదను. ఎత్తుగా పెరిగి కింద ఆకులు రాలిన కాండాన్ని కోసి, పైన ఆకుల మొవ్వను ఆరు అంగుళాల కాడతో విడిగా నాటండి, ఆకుల్లో సగం తీసేసి. కింది బోడి కాండాన్ని మూడు నాలుగు అంగుళాల ముక్కలు చేయండి, ఒక్కో ముక్కకు రెండు మూడు కణుపులైనా ఉండాలి. తడి ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం కలిపిన ట్రేలో వాటిని అడ్డంగా పడుకోబెట్టి, సగం దాకా పూడ్చండి. నీడలో, వాన నీళ్లతో తడి ఆరకుండా ఉంచితే నెల, నెలన్నరకు కణుపుల దగ్గర మొలకలు వస్తాయి. నాలుగైదు ఆకులు వచ్చాక ముక్కతో సహా చిన్న కుండీలోకి. కుండీలో మిగిలిన మోడు కూడా మళ్లీ చిగురిస్తుంది, పారేయొద్దు. ముక్కల్ని నేరుగా చెలక నేలలో మాత్రం పెట్టకండి, వేరు వచ్చేలోపే చెదలు తినేస్తాయి. పాలమూరు పిల్లలమర్రి అంత పెద్ద చెట్టుకే చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చింది, మూడంగుళాల ముక్క వాటికి ఎంత?

మొక్కలు తయారయ్యాక వరుసను గేటు పక్కన కాకుండా ఇంటి ఉత్తరపు గోడ వెంట పెట్టండి. అడుగున్నర లోతు గుంత, రెండడుగుల దూరం. గుంతలో పైన చెప్పిన మట్టి మిశ్రమమే నింపండి. డ్రమ్ము నుంచి సన్న పైపు వేసుకుంటే నీళ్ల మోత ఉండదు. రకం విషయంలో వెడల్పాకు పచ్చరకం, ముదురు ఎర్రరకం మొండివి. బేబీ డాల్ అనే చిన్నాకు రకం అందంగా ఉంటుంది కానీ ఫ్లోరైడ్‌కు అన్నిటికంటే ముందు మాడేది అదే, మన జిల్లాలో కొనొద్దు.

గేటు దగ్గర ఎర్రటి వరుసే కావాలి, బోరు నీళ్లే దిక్కు అంటే రాగి రంగు అకాలిఫా పెట్టుకోండి. అదీ పసిఫిక్ దీవుల పొదే. ఎండలో రంగు కడుతుంది, మన నీళ్లను చాలావరకు తట్టుకుంటుంది, కత్తిరించిన కొద్దీ గుబురవుతుంది. క్రోటన్ కూడా ఆ దీవుల వైపు నుంచే వచ్చింది, కొంచెం నీడ ఉంటే అదీ సరే. నూరు వరహాలు పెట్టాలని చూడకండి, బోరు నీళ్లకు ఆకు పాలిపోయి మళ్లీ అన్నభేది పని మొదలవుతుంది.

ఇంట్లో కుక్కపిల్లగానీ పిల్లిగానీ ఉంటే కార్డిలైన్ ఆకులు నమలకుండా చూసుకోండి. వాటిలోని సపోనిన్లు పడక వాంతులు చేసుకుంటాయి. ఈ వారంలో మట్టి మార్చగలిగితే మార్చండి. కుదరకపోతే ఆర్‌ఓ నీళ్లు, టీ పొడి, డీఏపీ ఇవాళే ఆపేసి, వాన పడేటప్పుడు నాలుగు కుండీలనూ అందులో పెట్టి బాగా తడవనివ్వండి. కింది రంధ్రం నుంచి నీళ్లు ధారగా పోవాలి. రెండు నెలల తర్వాత కొత్త ఆకు కొస ఫోటో ఒకటి తీసి పెట్టండి, చూసి చెబుతాను.